ఎనిమిదేళ్లు దాటిన టాక్సీకి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్): ముందు బ్రేకులు, ఆ తర్వాతే పాలిష్

అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, నాది 2017లో రిజిస్టరైన డీజిల్ డిజైర్ టూర్, ఏపీ 31 పసుపు ప్లేటు. స్టేషను, ఎయిర్‌పోర్టు, మధ్యమధ్య అరకు ట్రిప్పులు. బండికి ఎనిమిదేళ్లు దాటాయి కాబట్టి ఇకనుంచి ఏటా ఎఫ్‌సీ అంటున్నారు. గడువు వచ్చే నెలాఖరు. ఈసారి మిషన్ మీద టెస్ట్ అనేసరికి టెన్షన్‌గా ఉంది. ఏమేం చేయించాలి? ఒక ఏజెంటు మొత్తం నేను చూసుకుంటా అంటున్నాడు, అప్పజెప్పేయనా? కింద తుప్పు ఉంది, వెల్డింగ్ తప్పదా?"

తమ్ముడూ, నీకు చెప్పినవాళ్లు సరిగ్గానే చెప్పారు. ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఎనిమిది దాటాక ఏడాదికోసారి ఫిట్‌నెస్. సొంత కార్ల లెక్క వేరు, వాటికి మొదటి పదిహేనేళ్లూ ఈ గొడవ లేదు. పసుపు ప్లేటు బండికి ఎఫ్‌సీ లేకపోతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 56 ప్రకారం అసలు రిజిస్ట్రేషనే లేనట్టు. రోడ్డు మీద ఫైన్ సంగతి అలా ఉంచు, ఆ సమయంలో ఏదైనా యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లకి పేచీ పెట్టడానికి అంతకంటే మంచి సాకు దొరకదు. గడువు దాటిన ప్రతి రోజుకీ 50 రూపాయలు అదనపు రుసుము కూడా ఉంది. అందుకని నెలాఖరు గడువంటే నెలాఖరుకి స్లాట్ పెట్టుకోవద్దు. కనీసం పది రోజులు ముందు పెట్టుకో. ఒకవేళ ఏదైనా ఐటంలో పోయినా, బాగుచేయించి మళ్లీ చూపించడానికి టైముంటుంది.

నేను విశాఖ ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్నాను. ఎఫ్‌సీ ముందు నా దగ్గరకొచ్చే బండ్లలో ఎక్కువ భాగం రెండు రోజుల ముందు వస్తాయి. వచ్చి "అన్నా, వాషింగు, పాలిష్, ఇంజను మీద కాస్త డీజిల్ కొట్టి తుడిచేయ్" అంటారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చుట్టూ తిరిగి చూసి సంతకం పెట్టే రోజుల్లో ఆ మెరుపు కాస్త పనిచేసేదేమో. ఇప్పుడు బ్రేకు టెస్టు చేసే రోలర్ మిషన్‌కి మెరుపు కనపడదు. దానికి తెలిసింది ఒక్కటే: ఎడమ చక్రం ఎంత గట్టిగా పట్టింది, కుడి చక్రం ఎంత గట్టిగా పట్టింది. బండ్లు ఎక్కువ పోయేది ఇక్కడే, అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను.

నేలలో రెండేసి రోలర్లు ఉంటాయి. ముందు చక్రాలు రెండూ వాటి మీద కూర్చుంటాయి. మోటారు రోలర్లను తిప్పుతుంది, వాటితోపాటు చక్రాలు తిరుగుతాయి. బ్రేకు తొక్కినప్పుడు ఒక్కో చక్రం రోలర్‌ని ఎంత బలంగా ఆపబోయిందో విడివిడిగా కొలుస్తుంది. తర్వాత వెనక చక్రాలు, ఆ తర్వాత హ్యాండ్ బ్రేక్. మొత్తం బలం బండి బరువుకి సరిపడా ఉందా అనేది ఒక లెక్క. రెండు పక్కలా దాదాపు సమానంగా ఉందా అనేది రెండో లెక్క. మొదటిదాంట్లో పోయే బండ్లు తక్కువ, ఎందుకంటే బ్రేకు మొత్తంగా తగ్గిపోతే డ్రైవరుకే తెలిసిపోతుంది. రెండోది తెలీదు. ఒక పక్క వంద, ఇంకో పక్క అరవై పట్టినా రోజూ తోలేవాడి చెయ్యి దానికి అలవాటు పడిపోతుంది. స్టీరింగ్‌ని తెలీకుండానే ఇటు కాస్త పట్టి ఉంచుతాడు. "బ్రేకు బ్రహ్మాండంగా ఉందన్నా" అంటాడు. మిషన్ ఎక్కితే ఫెయిల్.

ఆ తేడా ఎక్కడ పుడుతుందో చెబుతాను. ముందు డిస్కులకి, ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ జారే పిన్నులు రెండేసి ఉంటాయి, వాటికి రబ్బరు బూట్లు. బూటు చిరిగితే లోపలికి నీరు, ఇసుక చేరి గ్రీజు ఎండిపోయి పిన్ను బిగుసుకుంటుంది. అప్పుడు ఒక ప్యాడే అరుగుతుంది, రెండోది కొత్తదిలా ఉంటుంది. మన ఊళ్లో బీచ్ రోడ్డు మీద తిరిగే బండ్లకి ఇది మరీ ఎక్కువ. ప్యాడ్ల మందం చూసేటప్పుడు బయటి ప్యాడ్ ఒక్కటే చూసి ఓకే అనేస్తారు, లోపలి ప్యాడ్ కూడా చూపించమని అడుగు. రెండింటికీ తేడా కనపడిందంటే పిన్ను జామ్ అయిందనే. పిన్నులు బయటికి లాగి, శుభ్రంగా తుడిచి, బ్రేకులకని వచ్చే వేడి తట్టుకునే గ్రీజు పెట్టాలి. వీల్ బేరింగ్ గ్రీజు పెట్టేస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది.

వెనక డ్రమ్ముల్లో ఇంకో కథ. మొన్నామధ్య ఒక టాక్సీ నా దగ్గరికి వచ్చింది, ఎడమ వెనక చక్రం బలం తక్కువ వచ్చి ఫెయిలైన బండి. డ్రైవరు వేరేచోట అప్పటికే బ్రేకు షూలు (డ్రమ్ముకి లోపలి నుంచి ఆని ఆపేవి) మార్పించాడట. డ్రమ్ము మీద సుత్తితో చుట్టూ తట్టి లాగితే ఊడింది. లోపల షూ మీద బ్రేకు దుమ్ము నల్లగా, తడిగా, ముద్దకట్టి ఉంది. వేలితో తీసి వాసన చూస్తే బ్రేక్ ఫ్లూయిడ్. షూలని తోసే వీల్ సిలిండర్ రబ్బరు బూటు కొన వెనక్కి తీస్తే ఒక్క చుక్క జారి పడింది. అంతే, అసలు సంగతి అదీ. ఆ సిలిండర్ మార్చకుండా షూలు ఎన్నిసార్లు మార్చినా తడుస్తూనే ఉంటాయి. అందుకే డ్రమ్ములు విప్పినప్పుడు నువ్వు పక్కనే నిలబడు. సిలిండర్ రెండు కొనల్లో రబ్బరు ఎత్తి చూడమను. తడి ఉంటే రెండు పక్కలా సిలిండర్లు మార్పించు, ఒక పక్కే మారిస్తే రెండో పక్కది కూడా త్వరలోనే కారుతుంది.

నువ్వు అరకు వెళ్తానన్నావు కదా, అది ఇంకో కోణం. అనంతగిరి నుంచి ఎస్.కోట వైపు దిగేటప్పుడు గేరులో దింపకుండా బ్రేకు మీద కాలేసి దింపేవాళ్ల బండ్లు షూలు చూస్తేనే చెప్పేయొచ్చు, లైనింగు నున్నగా మెరుస్తుంది. వేడికి పైపొర గట్టిపడిపోయిందన్నమాట. అది మందంగానే ఉంటుంది, కానీ పట్టదు. పైపైన ఉన్నదైతే గరుకు కాగితంతో రుద్దితే సరిపోతుంది, లోతుగా కాలిపోతే మార్చాల్సిందే. డ్రమ్ము అంచున గాడి లోతుగా ఉంటే షూతోపాటు డ్రమ్ము కూడా చూడాలి.

బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి మార్చమంటే ఎవరూ మార్చరు. అది గాల్లో తేమని పీల్చుకునే ద్రవం, మన ఊరి గాల్లో తేమకి కొదవ లేదు. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. తేమ పట్టాక ఆ కనీస ప్రమాణం 155కి పడిపోతుంది. ఘాట్ దిగుతుంటే పెడల్ మెత్తబడి లోపలికి పోతోందంటే కారణం ఎక్కువగా ఇదే, లోపల ఆవిరి బుడగలు పుడతాయి. డబ్బా మూత మీద ఏ గ్రేడు రాసుందో అదే పోయించి, నాలుగు చక్రాల దగ్గరా గాలి తీయించు.

ఇక హ్యాండ్ బ్రేక్. దీని విషయంలో అందరూ చేసే పని, లోపల కేబుల్ నట్టు బిగించేయడం. రెండు టక్కులకే పట్టేస్తుంది, డ్రైవరు సంతోషిస్తాడు. కానీ షూలు డ్రమ్ముకి దూరంగా ఉండగా కేబుల్ లాగి సరిపెడితే ఒక పక్క ఎప్పుడూ రాసుకుంటూ ఉంటుంది, ఇంకో పక్క పట్టదు. వరస ఇలా ఉండాలి: ముందు డ్రమ్ముల్లో అడ్జస్టర్లు శుభ్రం చేసి షూలు సరిచేయాలి, చివర్న కేబుల్. పరీక్షించడం సులువు. ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, వెనక రెండు చక్రాలూ జాకీల మీద లేపి కింద స్టాండ్లు పెట్టించు, ఒక్క జాకీని నమ్మి పక్కన కూర్చోవద్దు. ఒకళ్లు లోపల కూర్చుని లివర్ ఒక్కో టక్కు లాగుతుంటే నువ్వు రెండు చక్రాలూ చేత్తో తిప్పి చూడు. నాలుగైదు టక్కులకి రెండూ ఒకేసారి బరువెక్కడం మొదలవ్వాలి, ఏడెనిమిదికల్లా రెండూ కదలకూడదు. ఒకటి ముందే బిగుసుకుని ఇంకోటి ఇంకా తిరుగుతోందంటే మిషన్ దాన్నే పట్టుకుంటుంది.

ఇదంతా టెస్టుకి రెండు మూడు వారాల ముందు చేయించమనడానికి కారణం ఉంది. కొత్త ప్యాడ్లు, కొత్త షూలు వేసిన రోజునే పూర్తిగా పట్టవు. డిస్కుతో, డ్రమ్ముతో ఒరుసుకుని నిండుగా ఆనాలంటే రెండు మూడు వందల కిలోమీటర్లు తిరగాలి. ముందురోజు కొత్త షూలు వేయించి వెళ్లి ఫెయిలై, "కొత్తవి వేశాను కదా" అని గొడవపడేవాళ్లని చూస్తూనే ఉంటాం. టాక్సీకి అదేం పెద్ద దూరం కాదు, నీ మామూలు డ్యూటీల్లోనే అయిపోతుంది. తర్వాత ఖాళీ రోడ్డు మీద ముప్పై నలభై స్పీడులో స్టీరింగ్ వదులుగా పట్టుకుని బ్రేకు తొక్కి చూడు, బండి ఎటు లాగుతోందో తెలుస్తుంది. అలాగే ఒక ట్రిప్పు అయ్యాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడు, ముట్టుకోవద్దు. ముందువి వెనకవాటి కంటే వేడిగా ఉండటం మామూలే. ఎడమకీ కుడికీ తేడా ఉంటే మాత్రం ఏదో ఒకటి వదలకుండా పట్టి ఉంది.

తుప్పు సంగతికి వద్దాం. సముద్రం పక్కన ఉన్న ఊరు, దానికి తోడు పోర్టు దుమ్ము. ఉప్పు తేమని లాగి పట్టి ఉంచుతుంది కాబట్టి రేకు అతుకుల్లో, మడతల్లో ఎప్పుడూ తడి ఉన్నట్టే. హైదరాబాద్ బండి పదేళ్లకి చూసే తుప్పు మన బండి అంతకంటే ముందే చూస్తుంది. వెల్డింగ్ కావాలా వద్దా అనేది తుప్పు ఎంత ఉందన్నదాన్ని బట్టి కాదు, ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్లు. ఖణేల్ అంటే రేకు ఉంది, మొద్దుగా మోగితే లోపల తినేసింది. జాకీ పెట్టే చోట్లు, డోర్ల కింద పొడుగునా ఉండే పట్టీ, సస్పెన్షన్ ఆర్మ్ బాడీకి బిగించే చోటు, వెనక యాక్సిల్ మౌంటింగ్, సీటు బెల్టు బోల్టు నేలకి పడే చోటు: వీటిలో రంధ్రం గానీ మెత్తదనం గానీ ఉంటే వెల్డింగ్ తప్పదు. అది కూడా కుళ్లిన రేకు కోసేసి, మంచి రేకు దొరికేదాకా వెళ్లి కొత్త ముక్క వేసే వెల్డింగ్. పైన అతుకు వేసి తారు పూస్తే ఒక వర్షాకాలంలో ఊడిపోతుంది. పలచని రేకుకి సీఓటూ వెల్డింగే మేలు. బ్యాటరీ వైర్లు విప్పించు, నేల మీద మ్యాట్లు, కింద ఫెల్టు తీయించు. డీజిల్ పైపులు ఎటు పోతున్నాయో చూపించాకే నిప్పు దగ్గరికి రానివ్వు. ఫెల్టుకి నిప్పు అంటుకుంటే పైకి కనపడకుండా లోపల్లోపలే రాజుకుంటుంది.

మిగతా చోట్ల పైపై తుప్పైతే వైర్ బ్రష్‌తో గీకి, ప్రైమర్ కొట్టి, పూర్తిగా ఆరాక అండర్ కోటింగ్. గీకకుండా కోటింగ్ వేస్తే తుప్పుని లోపల పెట్టి తాళం వేసినట్టే. పైగా ఎఫ్‌సీకి ముందు వారం వేసిన కొత్త నల్ల కోటింగ్ గుంటలో నిలబడి కింద నుంచి చూసేవాడికి ఇట్టే అనుమానం తెప్పిస్తుంది. కోటింగ్ వేసేవాడు బ్రేకు పైపుల మీద, సైలెన్సర్ మీద కూడా కొట్టేస్తాడు, అది ఆపు.

తుప్పులో అందరూ వదిలేసేది బ్రేకు పైపు. బండి కింద ముందు నుంచి వెనక్కి సన్న ఇనుప పైపులు వెళ్తాయి. ప్లాస్టిక్ క్లిప్పు పట్టుకున్న చోట, క్లిప్పు లోపల ఉప్పునీరు నిలబడి పైపు తింటుంది. బయటికి క్లిప్పే కనపడుతుంది కాబట్టి ఎవరూ చూడరు. క్లిప్పు విప్పి గుడ్డతో తుడిచి చూడు. గోధుమరంగు పొలుసులు రాలితే పైపు మార్చడమే, అతుకులు పనికిరావు. ఎఫ్‌సీ ఉన్నా లేకపోయినా చూసుకోవాల్సిన పని ఇది. అరకు నుంచి దిగుతుండగా ఆ పైపు పగిలితే ఏమవుతుందో నీకు నేను చెప్పనక్కర్లేదు.

అదే ఊపులో ఛాసిస్ నంబరు కూడా చూడు. నీ బండికి అది ఎక్కడ కొట్టి ఉందో తెలీకపోతే మాన్యువల్‌లో ఉంటుంది. దాని మీద తుప్పు, పెయింటు, పాత గ్రీజు ఉంటే కిరోసిన్ గుడ్డతో నెమ్మదిగా తుడువు. వైర్ బ్రష్ గానీ గ్రైండర్ గానీ పెట్టొద్దు, అంకె చెరిగితే దిద్దినట్టు అనుమానిస్తారు. ఆ తలనొప్పి ముందు బ్రేకుల గొడవ చాలా చిన్నది. తుడిచాక పలచగా గ్రీజు పూసి ఉంచు.

పొగ విషయం. 2017 బండి కాబట్టి నీది బీఎస్ 4 (భారత్ స్టేజ్ 4 పొగ ప్రమాణం) అయి ఉంటుంది. బీఎస్ 4 డీజిల్‌కి పొగ సాంద్రత పరిమితి 50 హెచ్ఎస్‌యూ (పొగ ఎంత చిక్కగా ఉందో కొలిచే యూనిట్), అంతకుముందు తరం బండ్లకి 65. ఊళ్లో తిరిగే డీజిల్ బండికి మసి ఎక్కువ పడుతుంది: ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఆగు, మద్దిలపాలెంలో ఆగు, ఏసీ వేసుకుని ఎయిర్‌పోర్టులో గంట నిలబడు. ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేయించు. ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజనులోకి పంపేది) విప్పి శుభ్రం చేయించు. టర్బో నుంచి ఇంటేక్‌కి వెళ్లే రబ్బరు గొట్టం చిరిగిందేమో, క్లిప్పు వదులైందేమో చూడు. ఆ గొట్టం లీకైతే గాలి చాలక నల్లపొగ కొడుతుంది, జనం మాత్రం ఇంజెక్టర్లు పోయాయనుకుని వేలకు వేలు పెడతారు. ముందు చౌక పనులు, అవన్నీ అయ్యాకే ఇంజెక్టర్ల టెస్టు. ఇంజనాయిల్ డిప్ స్టిక్ మీద పై గీత దాటి పోయొద్దు. టెస్టు రోజు బండి చల్లగా తీసుకెళ్లకు. అనకాపల్లి వైపో ఆనందపురం వైపో హైవే మీద తక్కువ గేరులో కాసేపు లాగించి, వేడిగా ఉండగా వెళ్లు. పొగ టెస్టులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతారు, ఇంజను బాగా వేడెక్కి ఉంటేనే సరైన రీడింగు వస్తుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు కూడా చూసుకో.

నీది డీజిల్ కాబట్టి నీకు అవసరం లేదు గానీ, చదివే మిగతా వాళ్ల కోసం ఒక మాట: సీఎన్జీ కిట్ ఉన్నవాళ్లకి అది ఆర్‌సీలో ఎక్కి ఉండాలి, సిలిండర్‌కి మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) ప్లేటు ఉండాలి. ఎఫ్‌సీ వారంలో సిలిండర్ విప్పి పంపితే బండి అన్నాళ్లు నిలబడిపోతుంది.

స్టీరింగ్, సస్పెన్షన్ దగ్గర వరస ముఖ్యం. ఒక ప్లేటు మీద నుంచి బండి నెమ్మదిగా వెళ్తుంటే చక్రాలు పక్కకి ఎంత జారుతున్నాయో కొలుస్తారు, సైడ్ స్లిప్ అంటారు. దీనికోసం అందరూ అలైన్‌మెంట్ చేయించుకుని వెళ్తారు. కానీ చక్రాలని బండికీ స్టీరింగ్‌కీ కలిపే లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు వదులై ఆడుతుంటే ఆ అలైన్‌మెంట్ షాపు గేటు దాటేలోపే పోతుంది. ముందు చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడిందా, వీల్ బేరింగో బాల్ జాయింటో. కుడీ ఎడమా పట్టుకుని ఊపితే ఆడిందా, టై రాడ్. వాటి పని అయ్యాకే అలైన్‌మెంట్. షాక్ అబ్సార్బర్ మీద ఆయిల్ కారిన జిడ్డు ఉంటే ఆ పక్కదీ ఎదురు పక్కదీ కలిపి మార్చడం నయం.

టైర్లకి గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. కొలిచే పనిముట్టు అక్కర్లేదు, టైరు పక్కన చిన్న త్రిభుజం గుర్తు ఉన్న చోట గాడి లోపల చిన్న దిమ్మ ఉంటుంది. టైరు అరిగి ఆ దిమ్మతో సమానమైందంటే అయిపోయినట్టే. మధ్యలో కాదు, లోపలి అంచు చూడు, అలైన్‌మెంట్ తేడా ఉన్న బండ్లకి అక్కడే తినేస్తుంది. స్టెప్నీని కూడా అలాగే చూడు. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి, 2219 అంటే 2019లో 22వ వారం తయారైంది. గాడి బాగున్నా పక్కగోడ పగుళ్లు వేసిన పాత టైరు అరకు బండికి నేనైతే వద్దంటాను. కంపెనీ సైజు కాకుండా పెద్ద టైర్లు వేసి ఉంటే స్పీడోమీటర్ టెస్టులో తేడా కనపడుతుంది.

కొంతమంది ఆ ఒక్క రోజుకి టైర్లు అద్దెకి తెచ్చి వేసి, సాయంత్రం విప్పేసి అరిగినవి వేసుకుంటారు. చెప్పడానికేముంది, ప్రాణం మీదికి వచ్చేది నీకూ నీ వెనక సీట్లో కూర్చున్న కుటుంబానికీ.

హెడ్‌లైట్లకి మిషన్ వెలుతురు ఎంత, ఎటు పడుతోంది రెండూ చూస్తుంది. మామూలు హాలోజన్ బల్బు కోసం చేసిన డూమ్‌లో తెల్లటి ఎల్ఈడీ వేసుకున్నవాళ్లది వెలుతురు చెల్లాచెదరై ఫెయిలవుతుంది, పాత హాలోజన్లే పెట్టించు. ఎండకి పసుపెక్కిన గ్లాసుని నీటి గరుకు కాగితంతో రుద్ది పాలిష్ చేయిస్తే వెలుతురు తిరిగొస్తుంది, డూమ్ మార్చే ఖర్చు తప్పుతుంది. డాష్‌బోర్డు మీద లైటు ఎత్తు తగ్గించే చిన్న చక్రం ఉంటే సున్నాలో పెట్టు. అది రెండులోనో మూడులోనో ఉండిపోయి ఫెయిలైన బండ్లు ఉన్నాయి. రివర్స్ లైటు, నంబరు ప్లేటు లైటు, మూడో బ్రేకు లైటు, నాలుగు ఇండికేటర్లు: రాత్రి గోడకి ఎదురుగా పెట్టి ఒకసారి అన్నీ వేసి చూసుకుంటే చాలు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. అద్దాలకి ఫిల్మ్ ఉంటే తీసేయ్. ముందు వెనక అద్దాల్లో 70 శాతం, పక్క అద్దాల్లో 50 శాతం వెలుతురు రావాలన్నది రూలు. 2012లో సుప్రీంకోర్టు ఫిల్మ్ అంటించడాన్నే వద్దంది. రకరకాల కూతలు కూసే హారన్ ఉంటే తీసి కంపెనీది పెట్టు. ముందు ఇనుప గార్డు ఉంటే విప్పేయ్. స్పీడ్ గవర్నర్ బిగించి ఉంటే దాని వైర్లు, సీలు తెగలేదని చూసుకో. వైపర్ బ్లేడ్లు కొత్తవి, వాషర్‌లో నీళ్లు. ఫస్ట్ ఎయిడ్ బాక్సులో గడువు దాటిన మందులు తీసేసి కొత్తవి. ఎర్ర త్రిభుజం, జాకీ, వీల్ పానా డిక్కీలో. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండైతే కీ తిప్పగానే ఆ లైట్లు వెలిగి తర్వాత ఆరిపోవాలి. ఇంకొకటి, టాక్సీలన్నింటిలో ఉండే జబ్బు: వెనక సీటు బెల్టు బకిల్స్ సీటు కవర్ కింద పూడుకుపోయి ఉంటాయి. కొత్త కవర్ వేసినవాడు వాటిని బయటికి తీయడు, నీకూ ఎప్పుడూ అవసరం పడదు. సీటు లేపి మూడూ బయటికి తీసి, పెట్టి లాగి చూడు. ఇసుక పడి నొక్కుడు పట్టేస్తుంటే గాలి కొట్టించు.

ఏజెంటు గురించి. కాగితాల పని, స్లాట్ బుకింగ్ నీకు చేతకాకపోతే ఎవరి సాయమైనా తీసుకో, తప్పు లేదు. కానీ రవాణా శాఖ పోర్టల్‌లో ఫీజు ఎంతో నువ్వే చూసి, రసీదు నీ పేరున, నీ ఫోనుకే వచ్చేట్టు చూసుకో. ఓటీపీలు ఇచ్చేసి కూర్చోవద్దు. ట్యాక్సు, ఇన్సూరెన్స్, పర్మిట్, పాత చలానాలు ముందే క్లియర్ చేసుకో, ఒక్కటి పెండింగ్ ఉన్నా అప్లికేషనే ముందుకి పోదు. పెళ్లిళ్ల సీజన్లో ఎక్కడో నో పార్కింగ్ చలానా పడి ఉంటుంది, నీకు తెలిసి ఉండదు. "మిషన్ సంగతి కూడా నేను చూసుకుంటా" అన్నాడంటే మాత్రం ఆ మాటకి డబ్బులివ్వకు. రోలర్ మీద ఎడమ చక్రం పట్టకపోతే ఏజెంటు వచ్చి పట్టించలేడు. ఆ డబ్బుతో రెండు వీల్ సిలిండర్లు, ఒక సెట్టు షూలు వస్తాయి.

వెళ్లే రోజు డిక్కీ ఖాళీ చేయి. క్యారియర్ మీద సామాను, తాళ్లు ఉంచొద్దు. నాలుగు టైర్లలో గాలి డోరు దగ్గరి స్టిక్కరులో ఉన్నంత, ఎడమా కుడీ సమానంగా. ఒకదాంట్లో నాలుగు పాయింట్లు తక్కువున్నా సైడ్ స్లిప్, బ్రేకు రెండింటి మీదా ప్రభావం పడుతుంది. ముందురోజు వాషింగు చేయిస్తే కింద కూడా నీళ్లు కొట్టించు, బురద ముద్దలుంటే చూసేవాడికి ఏమీ కనపడక విసుగొస్తుంది. కానీ వాషింగు అయ్యాక బ్రేకులు నాలుగైదుసార్లు తొక్కి ఆరబెట్టి, కాస్త తిప్పి అప్పుడు నిలబెట్టు. తడి డ్రమ్ములతో రాత్రంతా హ్యాండ్ బ్రేక్ వేసి వదిలేస్తే పొద్దున్నకి షూలు అతుక్కుని, తుప్పు చారలతో ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువ పట్టి, ఇంత చేయించిన పనీ రీడింగులో కనపడకుండా పోతుంది. గేరులో పెట్టి, చక్రాలకి రాయి అడ్డం పెట్టుకో.

ఒకవేళ ఫెయిలైతే అక్కడ వాదించకు. ఏ టెస్టులో పోయిందో, ఏ చక్రానికి ఎంత వచ్చిందో రాసిన రిపోర్టు తీసుకుని మెకానిక్ చేతిలో పెట్టు. "బ్రేకు ఫెయిలంట అన్నా" అని నోటితో చెబితే నాలుగు చక్రాలూ విప్పి నాలుగింటికీ బిల్లు వేస్తాడు. వెనక ఎడమ తక్కువ అని కాగితంలో ఉంటే విప్పాల్సింది వెనక రెండే. పది రోజులు ముందు పెట్టుకోమన్నది దీనికోసమే. ఈలోపు గడువు దాటిందా, సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా అరకు బేరం ఎంత మంచిదొచ్చినా ఇంకో బండికి ఇచ్చేయ్.